బైండోవర్ బాండు మీద సంతకం పెట్టకుండా విచారణ అడిగాను – నా అనుభవం

నల్లగొండ జిల్లాలో ఎన్నికల షెడ్యూలు వచ్చిందంటే ఊళ్లలో మొదట వినపడే మాట బైండోవర్, అంటే గొడవ చేయనని పూచీగా బాండు రాయించుకోవడం. పోటీలో ఎవరుంటారో తేలకముందే పోలీస్ స్టేషన్‌లో జాబితా తయారవుతుంది. బెల్టు షాపు నడిపినవాళ్లు, రౌడీషీటు ఉన్నవాళ్లు, పోయినసారి పోలింగ్ బూతు దగ్గర కొట్లాడినవాళ్లు అందులో ఉంటారు. ఎప్పుడో ఒక ధర్నాలో కూర్చున్నవాళ్లు కూడా ఉంటారు. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు నా పేరు అట్లా ఎక్కింది. నేను సంతకం పెట్టలేదు. చట్టంలో ఏ పద్ధతి రాసి ఉందో ఆ పద్ధతిలోనే చేయమని అడిగాను. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఇది చాలామందికి పనికొస్తుంది.

ముందు నా సంగతి చెప్పాలి. మాది బత్తాయి తోటల ఊరు. వ్యవసాయమే బతుకు. 2011లో సకల జనుల సమ్మె నడిచిన నలభై రెండు రోజుల్లో మా మండల జేఏసీలో తిరిగాను. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద రాస్తారోకో చేసినందుకు మా అందరి మీద కేసు పెట్టారు. తెలంగాణ వచ్చాక ఆ కేసు కోర్టులో కొట్టేశారు. అంతకుమించి నా మీద ఏ కేసూ లేదు. గెట్టు పంచాయితీ కూడా లేదు.

2023 అక్టోబరు 9న షెడ్యూలు వచ్చింది. కొన్నాళ్లకు స్టేషన్ నుంచి కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. "అన్నా, రేపు పొద్దుగాల ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు పట్టుకొని స్టేషన్‌కు రా. ఎమ్మార్వో ఆఫీసుల బైండోవర్ ఉంది" అన్నాడు. ఏ కేసులో అని అడిగితే "పాతదే అన్నా, రాస్తారోకోది. ఏం గాదు, ఒక్క సంతకం వెట్టి పోవుడే" అన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు.

మరునాడు పోయేసరికి స్టేషన్ ముందు వేపచెట్టు కింద ముప్పై మంది దాకా కూర్చుని ఉన్నారు. అన్ని పార్టీలవాళ్లూ ఉన్నారు. కానిస్టేబుల్ ఉద్యోగానికి చదువుకుంటున్న మా పక్క తండా పిల్లగాడు ఒకడు ఉన్నాడు. వినాయక నిమజ్జనం నాడు డీజే దగ్గర లొల్లి అయితే అక్కడ నిలబడి ఉన్నాడని వాడి పేరు రాసుకున్నారట. అందరినీ తహసీల్దార్ ఆఫీసుకు తీసుకుపోయారు. అక్కడ ముందే అచ్చువేసిన బాండ్లు ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, ఊరు రాసే జాగాలు ఖాళీగా ఉన్నాయి. కింద లక్ష రూపాయలు, ఒక సంవత్సరం అని ఉంది. ఒక్కొక్కరిని పిలుస్తున్నారు, సంతకం పెట్టించుకుని పంపిస్తున్నారు. ఎవరిని ఎందుకు పిలిచారో చదివి వినిపించింది లేదు.

నా వంతు రాగానే నేను అడిగింది ఒక్కటే. "సార్, నా మీద ఏం సమాచారం వచ్చిందో రాసిన ఆర్డరు కాపీ ఇవ్వండి. చదువుకొని మా వకీలుతో మాట్లాడి జవాబు ఇస్త" అన్నాను. ఎరువుల బస్తాకు రశీదు అడిగినంత మామూలుగా అడిగాను. అక్కడున్న నాయబ్ తహసీల్దారు నా మొఖం చూసి, "ఆర్డరు ఏందయ్యా, ఇది బైండోవర్" అన్నారు. పక్కనున్న ఎస్సై గొంతు పెంచి, "సంతకం వెట్టకపోతే జైలుకు పంపే పవర్ ఉంది ఎమ్మార్వో సార్‌కు, తెలుసా?" అన్నాడు.

ఆ పవర్ ఉన్నమాట నిజమే. అందుకే అది ఎప్పుడు, ఎట్లా వాడాలో చట్టం అంత కట్టుదిట్టంగా రాసింది. నల్లగొండ కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక లాయరమ్మ నాకు ముందురోజు రాత్రి ఫోన్లో ఇదంతా ఓపిగ్గా చెప్పింది. అప్పుడు అమల్లో ఉన్నది 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్. అందులో 107 సెక్షన్ ప్రకారం, ఫలానా మనిషి శాంతిభంగం చేసేటట్టున్నాడని సమాచారం వస్తే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు అతన్ని పిలిచి, ఏడాదికి మించకుండా బాండు ఎందుకు రాయించుకోకూడదో చెప్పమని అడగవచ్చు. మా దగ్గర ఆ మేజిస్ట్రేటు తహసీల్దారే. అడగడానికి ముందు 111 సెక్షన్ కింద రాతపూర్వకంగా ఆర్డరు ఇవ్వాలి. వచ్చిన సమాచారం సారాంశం, బాండు ఎంతకు, ఎన్నాళ్లకు, జమానత్‌దారులు (పూచీ ఉండేవాళ్లు) ఎంతమంది, ఎటువంటివాళ్లు అన్నవి అందులో ఉండాలి. మనిషి ఎదురుగా ఉంటే 112 కింద దాన్ని చదివి వినిపించాలి, కోరితే అర్థమయ్యేటట్టు చెప్పాలి. ఎదురుగా లేకపోతే సమన్లు పంపాలి, సమన్లతో పాటు ఆర్డరు కాపీ జతచేయాలి. ఆ తర్వాత 116 కింద ఆ సమాచారం నిజమా కాదా అని విచారణ జరపాలి, సాక్షులను పిలవాలి. నిజమని తేలితేనే 117 కింద బాండు రాయమని ఆర్డరు ఇవ్వాలి. తేలకపోతే 118 కింద వదిలేయాలి.

మా మండలంలో ఈ మెట్లన్నీ దాటేసి మొదటిరోజే చివరి మెట్టు మీద నిలబడ్డారు.

విచారణ పూర్తికాకుండానే బాండు అడిగే వీలు కూడా ఉంది, 116 లోనే మూడో ఉపసెక్షన్. అప్పటికప్పుడు గొడవ జరిగే ప్రమాదం ఉంటే, కారణాలు రాసి మధ్యంతర బాండు అడగవచ్చు. రాయకపోతే విచారణ ముగిసేదాకా కస్టడీలో పెట్టవచ్చు. ఎస్సై చెప్పింది దీన్నే. అయితే విచారణ మొదలుపెట్టకుండా ఇట్లాంటి మధ్యంతర బాండు అడగకూడదని, అంతకుముందున్న 1898 కోడ్ నడిచినప్పుడే, 1970 అక్టోబరులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి చెప్పింది, మధు లిమయే కేసులో. పార్లమెంటు సభ్యుడిగా పనిచేసిన సోషలిస్టు నాయకుడు ఆయన. బీహార్‌లోని ముంగేర్ సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు మీద వేసిన కేసు అది. 107 సెక్షన్‌ను కోర్టు కొట్టేయలేదు. ఇన్ని కట్టుబాట్లు ఉన్నాయి కాబట్టే అది రాజ్యాంగానికి లోబడి ఉందని నిలబెట్టింది. నాకు ఇది చాలా పెద్ద సంగతిగా తోచింది. కట్టుబాట్లు పాటిస్తేనే ఆ అధికారం ఉన్నట్టు. అవి తీసేస్తే మిగిలేది ఒక ఆఫీసరు ఇష్టం.

లాయరమ్మ చెప్పినట్టు నేను ముందే ఒక అర్జీ రాసుకుని పోయాను. అందులో మూడే అడిగాను. 111 ఆర్డరు కాపీ ఇవ్వాలి, వకీలును పెట్టుకోవడానికి గడువు ఇవ్వాలి, విచారణ తేదీ రాతలో చెప్పాలి. రెండు కాపీలు చేసుకుపోయి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయమన్నాను. ఇన్‌వార్డులో ఉన్న అమ్మాయి వేయాలా వద్దా అని లోపలికి చూసింది. అప్పటికి తహసీల్దారు వచ్చారు. ఆయన అర్జీ మొత్తం చదివి, కాసేపు ఆలోచించి, "వేయమ్మా" అన్నారు. నాతో, "ఎన్నికల పని నెత్తిమీద ఉంది, మీరెందుకు పట్టింపు చేస్తున్నరు? అందరు పెట్టిపోతలేరా?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక అడిగినట్టుంది. "సార్, లక్ష రూపాయల పూచీ రాయించుకుంటున్నరు. రేపు ఊర్లె ఎవడో రాయి విసిరితే నా పేరు చెప్పి లక్ష కట్టమంటరు, కట్టకుంటే లోపలేస్తరు. నేనేం చేసిన్నో తెల్వకుండ ఎట్ల రాసియ్యాలె?" అన్నాను.

ఆయనకు నా మీద కక్ష లేదన్న సంగతి నాకు తెలుసు. ఎన్నికలప్పుడు ఎంతమందిని బైండోవర్ చేశారో జిల్లాల నుంచి ఎన్నికల సంఘానికి లెక్కలు పోతాయి. లెక్క పెద్దగా కనపడాలన్న ఒత్తిడి స్టేషన్ల మీద ఉంటుంది, స్టేషన్ ఒత్తిడి తహసీల్దారు మీద పడుతుంది. నిజంగా గొడవలు చేసేవాళ్లను కట్టడి చేయడం తప్పని నేను అనను. డబ్బు, మందు, లాఠీలతో ఎన్నికలు చేసేవాళ్లు మా దిక్కూ ఉన్నారు. కానీ లెక్క నింపడానికి పేర్లు వెతికినప్పుడు ఎవరు దొరుకుతారు? పోలీసు రికార్డులో పేరున్నవాడే దొరుకుతాడు. పేరెందుకు ఉంది, ఆ కేసు ఏమైంది అని చూసే తీరిక ఎవరికుంది? ఫిర్యాదు చేసేది ప్రభుత్వమే, తీర్పు చెప్పేదీ ప్రభుత్వ ఉద్యోగే. కార్యనిర్వాహక శాఖ నుంచి న్యాయశాఖను వేరుచేయాలని రాజ్యాంగంలో 50వ అధికరణం చెబుతుంది. ఇక్కడ ఆ రెండూ ఒకే కుర్చీలో ఉన్నాయి. అందుకే ఆ కుర్చీలో ఉన్నాయన కాయితం మీద కారణం రాయాల్సిందేనని మనం పట్టుబట్టాలి.

ఆ రోజు నన్ను పంపించేశారు. ఆ వారంలోనే ఆర్డరు కాపీ ఇంటికి తెచ్చి ఇచ్చారు. దాంట్లో ఉన్నది ఇంతే: "పై వ్యక్తి గతంలో కేసులో ఉన్నందున, రాబోయే ఎన్నికలలో శాంతిభద్రతలకు విఘాతం కలిగించే అవకాశం ఉన్నదని విశ్వసనీయ సమాచారం." కేసు నంబరు 2011 నాటిది. ఆ కేసు కొట్టేసిన సంగతి ఎక్కడా లేదు.

అక్కడి నుంచి పని నల్లగొండకు మారింది. పాత కేసు తీర్పు సర్టిఫైడ్ కాపీ కోసం కోర్టులో కాపీ అప్లికేషన్ వేశాం. పాత ఫైలు రికార్డు రూములో వెతికించడానికి తిరగాల్సి వచ్చింది, దానికి టైం పట్టింది. ఇంకోపక్క సమాచార హక్కు కింద తహసీల్దార్ ఆఫీసుకే దరఖాస్తు పెట్టాను. మండల స్థాయి ఆఫీసుకు 5 రూపాయలే ఫీజు. మా ఊరి నుంచి ఎవరెవరిని బైండోవర్‌కు పంపారు, ఒక్కొక్కరి మీద స్టేషన్ ఇచ్చిన రిపోర్టు ఏంటి అని అడిగాను. ముప్పై రోజుల్లో ఇవ్వాల్సింది కొంచెం ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది. ఆ కాయితాలు ఇంట్లో మంచం మీద పరిచి చూశాను. ఊరివాళ్ల రిపోర్టులన్నీ ఒకటే పేరా. పేరు, తండ్రి పేరు తప్ప అక్షరం తేడా లేదు. ఆ జాబితాలో ఒకాయన ఏళ్లుగా మహారాష్ట్రలోని భివండిలో మగ్గం నేస్తున్నాడు, పండగకు తప్ప ఊరికి రాడు. ఆయన కూడా మా ఊళ్లో శాంతిభంగం చేస్తాడని "విశ్వసనీయ సమాచారం" ఉందట.

నా మనసు ఎక్కువ కలుక్కుమన్నది ఆ కాయితాలు చూసినప్పుడే. నన్ను ఒక్కణ్ణి ఎవరో పనిగట్టుకుని ఇరికించి ఉంటే ఇంత బాధ అనిపించేది కాదు. ఒక మనిషి స్వేచ్ఛను తగ్గించే కాయితం రాసేటప్పుడు ఆ మనిషి ఎవరని చూసినవాళ్లే లేరు.

ఎన్నికలు అయ్యేదాకా విచారణ వాయిదాలు పడింది, తహసీల్దారు ఎన్నికల డ్యూటీలో ఉన్నారు. నవంబరు 30న ఓటేసి వచ్చాను. డిసెంబరు 3న ఫలితాలు వచ్చి ప్రభుత్వమే మారింది. మా ఊళ్లో ఏ గొడవా జరగలేదు. తర్వాత ఒక వాయిదాకు స్టేషన్ నుంచి సాక్షిగా ఒక హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. లాయరమ్మ అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ గుర్తు.

"ఈయన గొడవ చేస్తాడని మీకు ఎవరు చెప్పారు?"

"స్టేషన్ రికార్డు ప్రకారం మేడమ్."

"రికార్డు కాదు, ఈ ఎన్నికల గురించి. ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు?"

ఆయన దగ్గర జవాబు లేదు. 2011 కేసు ఏమైందో తెలుసా అని అడిగితే తెలియదన్నాడు. తీర్పు కాపీ ఫైల్లో పెట్టాం. ఇంకెవరైనా సాక్షి ఉన్నారా అని అడిగితే వాయిదా అడిగారు. మళ్లీ ఎవరూ రాలేదు.

116 లోనే ఆరో ఉపసెక్షన్ ఉంది. విచారణ మొదలైన నాటి నుంచి ఆరు నెలల్లో అది ముగియాలి. ప్రత్యేక కారణాలు రాసి మేజిస్ట్రేటు పొడిగిస్తే తప్ప, ఆరు నెలలు దాటగానే ఆ కేసు దానంతట అదే ముగిసినట్టు. గడువు దాటగానే మేము మెమో వేశాం. గడువు పూర్తయినందున ప్రొసీడింగ్స్ ముగిసినవని తహసీల్దారు రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చారు. నా మీద సమాచారం అబద్ధమని తేల్చి 118 కింద వదిలేస్తే బాగుండేదని నాకు ఇప్పటికీ ఉంది. సాక్షి నోట జవాబు రాని రోజునే ఆ ఆర్డరు రాయవచ్చు. గడువు దాటి ముగియడం వేరు, తప్పు లేదని చెప్పి ముగించడం వేరు. కానీ ఆ కాయితం వెంటనే పనికొచ్చింది. 2024 మే 13న లోక్‌సభ పోలింగు, దానికి ముందు స్టేషన్ నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. తహసీల్దారు రాసిచ్చిన ఎండార్స్‌మెంట్ కాపీ, కోర్టు తీర్పు కాపీ పట్టుకుపోయి స్టేషన్ రైటరుకు ఇచ్చి, ముట్టినట్టు రాయించుకున్నాను. మళ్లీ పిలవలేదు.

తండా పిల్లగాడి సంగతి వేరే అయింది. వాడు ఆ రోజు సంతకం పెట్టేశాడు. ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి రాసి పాసయ్యాక అటెస్టేషన్ ఫారం ఇచ్చారు. ఎప్పుడైనా అరెస్టు అయ్యావా, నీ మీద కేసు నడిచిందా అని అడిగే వరుసలోనే, ఎప్పుడైనా బాండు రాయించుకున్నారా అన్న ప్రశ్న కూడా ఆ ఫారంలో ఉంటుంది. వాళ్లమ్మ ఫారం పట్టుకొని మా ఇంటికొచ్చి, "కాకా, ఉన్నదని రాస్తె నౌకరి పోతదా? లేదని రాస్తె అబద్ధమైతదా?" అని ఏడ్చింది. అబద్ధం రాయొద్దని చెప్పాను. దాస్తే అదే పెద్ద తప్పవుతుంది. వాడి ఫైలు కాపీ తీయించాం. 117 కింద చివరి ఆర్డరు ఏదీ లేదు, విచారణే జరగలేదు, ఉన్నది ఆ అచ్చు బాండు ఒక్కటే. ఆ మాటే రాతలో ఇవ్వమని అడిగి తీసుకుని ఫారంతో జత చేయించాం. వాడు నౌకరీలో చేరాడు. కానీ ఆ నెలలన్నీ ఆ ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు. ఒక్క సంతకమే అని తేలిగ్గా అనేవాళ్లు ఆ తల్లిని చూడాలి.

ఊళ్లో కొందరు నన్ను అడిగారు, పోలీసోళ్లతో ఎందుకు పెట్టుకున్నావని. మా జిల్లాలో ఆ భయానికి కారణాలున్నాయి. 2001 ఫిబ్రవరిలో పౌరహక్కుల సంఘం నాయకుడు ఆజం అలీని నల్లగొండలోనే చంపేశారు. అప్పట్లో ఎవరినైనా స్టేషన్‌కు తీసుకుపోతే ఏ సెక్షన్ అని అడగడానికి వెళ్లేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉండేవాళ్లు. నేను చేసింది వాళ్లు చేసినదాంట్లో వందో వంతు కాదు. నా చేతిలో అర్జీ ఉంది, ముద్ర ఉంది, పక్కన లాయరు ఉంది. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, కోరిన వకీలుతో మాట్లాడనివ్వాలి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి అని 22వ అధికరణం రాసి ఉంది. 1949 సెప్టెంబరులో అంబేద్కర్ దాన్ని రాజ్యాంగ ముసాయిదాలోకి తెచ్చారు. అది ఎన్నటికీ అక్కరకు రావద్దనే కోరుకుంటాం, అయినా ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. 2023 జూన్‌లోనే రీజినల్ రింగు రోడ్డుకు భూములు పోతున్నాయని నిరసన చేసిన రైతులను భువనగిరి కోర్టుకు బేడీలు వేసి తెచ్చారు. బేడీలు మామూలుగా వేయకూడదు, వేయాల్సివస్తే కారణం రాయాలి అని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. ఆ ఫొటో పేపర్లో చూసి నేను అన్నం తినలేకపోయాను. వాళ్లూ నాలాంటి రైతులే.

2024 జూలై 1 నుంచి పాత కోడ్ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. 107 ఇప్పుడు 126 అయింది, 111 ఇప్పుడు 130, 116 ఇప్పుడు 135. లోపలున్న పద్ధతి అదే, ఆరు నెలల గడువూ అదే. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికలకు ముందు చుట్టుపక్కల ఊళ్ల నుంచి పిల్లలు నా అర్జీ నకలు కోసం వచ్చారు. కొత్త నంబర్లు వేసి ఇచ్చాను. వాళ్లకు చెప్పింది ఇదే. గొంతు పెంచొద్దు, పారిపోవద్దు, పిలిస్తే పోవాలి. ఆర్డరు కాపీ అడగాలి, ముద్ర వేయించుకోవాలి. సంతకం పెట్టాల్సివస్తే ఆర్డరు చదివినాకే పెట్టాలి. వాళ్లలో కొందరికి ఆర్డరు కాపీలు ఇచ్చారు. మునుపటి మాదిరిగా ఒకటే పేరా కాదు, ఒక్కొక్కరికి వేరువేరుగా రాసి ఉంది. ఇద్దరి పేర్లయితే కాపీ అడిగిన తర్వాత జాబితాలోంచే తీసేశారని తెలిసింది.

స్టేషన్ జాబితాలో నా పేరు మాత్రం ఇంకా ఉందని విన్నాను. కొట్టేసిన కేసు పట్టుకుని ప్రతి ఎన్నికకూ పేరు ఎక్కించడం ఆపాలని జిల్లా పోలీసు అధికారికి తీర్పు కాపీతో దరఖాస్తు పంపాను. జవాబు రాలేదు. రాకపోతే 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేద్దామని లాయరమ్మ అంటున్నది. నాతో పాటు 2011 కేసులో ఉన్నవాళ్లు ఇంకొందరు వకాల్తా మీద సంతకాలు పెట్టారు. భివండి ఆయన దసరాకు వచ్చినప్పుడు ఆయన దగ్గరా తీసుకుంటాం.